ఊదుడు గదికి ఎన్ని మార్కులు?

ఊదుడు గది,
కిటికీ ఉండాల్సిన గోడ పక్కనుంచి

ఊళ్ళో కుర్చీలన్నిటికీ మార్కులేసే బావగారికి, కుర్చీ లేని బావమరిది నమస్కారాలు.

కొత్త ఉద్యోగం ఎలా ఉందో రాయమని అక్క కబురు మీద కబురు పంపిస్తోంది. ఇదిగో, రాస్తున్నాను. మీరు మాత్రం ఇది కూర్చుని చదవండి. నిలబడి చదివితే పడిపోతారు.

మాది ఈలలు చేసే ఫ్యాక్టరీ. పోలీసుల ఈలలు, ఆటల రిఫరీల ఈలలు, రైలు గార్డుల ఈలలు, పిల్లల బొమ్మ ఈలలు. చేసేవాళ్ళు కింద ఉంటారు. చేసినవి పలుకుతున్నాయో లేదో ఊది చూసే నలుగురం పైన ఉంటాం. అందుకే మా గదిని ఊదుడు గది అంటారు. పలికిన ఈల వేడినీళ్ళ తొట్టెలోకి పోతుంది, కడిగి ఆరబెడతారు. పలకనిది మూగబుట్టలోకి పోతుంది. ఇంతే పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జీతమిచ్చి మరీ ఈలలు వేయిస్తున్నారు. చిన్నప్పుడు ఇదే పనికి నాన్న నా వీపు విమానం మోత మోగించేవాడు.

గది గురించి అక్కకి కాస్త తగ్గించి చెప్పండి. పైన రేకు, లోపల ఉక్క. బల్ల అంటే కేబుల్ చుట్టే పెద్ద చక్రం, పడుకోబెట్టారు. దాని చుట్టూ పెట్టెలేసుకుని కూర్చుంటాం. నా పెట్టె మీద 'తలకిందులు చేయరాదు' అని రాసుంది. ఇప్పటిదాకా ఆ మాట నిలబెట్టుకున్నాను.

మిగతా ముగ్గురూ ఎవరంటే, ఒకరు అందరం పెద్దమ్మ అని పిలిచే ఆవిడ. పోలీసు ఈలలు ఆవిడవే. ఆవిడ ఊదితే వీధిలో బళ్ళు ఆగిపోతాయి. రెండోవాడు బుగ్గలు. పేరెందుకొచ్చిందో చూస్తే తెలుస్తుంది. మూడో మనిషి పొదుపాయన. మాటలు పొదుపు చేస్తాడు. వారానికో మాట, అదీ పండిపోయాకే రాలుస్తాడు.

ఈ మోతలో మాటలు వినపడవు కాబట్టి ఈలల్తోనే మాట్లాడుకుంటాం. బుగ్గలు ఒక పొడుగు, రెండు పొట్టి ఊదితే టీ వచ్చిందని. పెద్దమ్మ ఈల వణికితే సూపర్వైజరు మెట్లెక్కుతున్నాడని. ఎవరి చేతికైనా మూగ ఈల తగిలితే దాన్ని పైకెత్తి చూపిస్తారు, అందరం ఒక్క క్షణం ఊదడం ఆపి సంతాపం తెలుపుతాం. బావగారూ, నాకీ ఉద్యోగం తెగ నచ్చింది.

మీ బావమరిది

~

పని పరిస్థితుల తనిఖీ కార్యాలయం,
బక్కెట్ పక్క బల్ల

ఒరేయ్ బావమరిదీ,

నీ ఉత్తరం కూర్చునే చదివాను. అయినా పడ్డాను. అది నీ ఉత్తరం తప్పు కాదు, నా కుర్చీ తప్పు. దాని నాలుగో కాలు ఎప్పుడో పోయింది. మూడు కాళ్ళ మీద కూర్చోవాలంటే ఎడమవైపు ఒరిగి ఉండాలి. చదువుతూ చదువుతూ 'కేబుల్ చుట్టే చక్రం' దగ్గర నిటారుగా అయిపోయాను.

నువ్వు రాసిందంతా ఒక్కొక్కటే మా తనిఖీ పట్టికలో పెట్టి చూశాను. వెలుతురు, గాలి, కూర్చునే వసతి, చప్పుడు, శుభ్రత. మీ గదికి నూటికి పదకొండు వచ్చింది. ఆ పదకొండూ వేడినీళ్ళ తొట్టెకి. పశువుల కొట్టానికి ఇంతకంటే ఎక్కువ వేశాన్రా నేను! ఆ గదిలో కూర్చుని నీకు ఉద్యోగం తెగ నచ్చిందా? పట్టిక ప్రకారం నచ్చడానికి వీల్లేదు.

ఊరుకునేది లేదు. మా ఆఫీసులో నలుగురం. వెలుతురాయన దీపాలు చూస్తాడు, గాలాయన కిటికీలు చూస్తాడు, చప్పుడాయన మోత కొలుస్తాడు, నేను కుర్చీలు చూస్తాను. మా మధ్య మాటలు లేకపోయి ఏళ్ళయింది. ఎందుకు పోయాయో ఎవరికీ గుర్తులేదు. అయినా నీకోసం ముగ్గురి బల్లల మీదా తలా ఒక చీటీ పెట్టాను.

బక్కెట్ నిండింది. పారబోసి రావాలి. వానలు మొదలయ్యాయి, పైకప్పు సరిగ్గా నా బల్లనే ఎంచుకుంది.

మీ బావ

(తమ్ముడూ, ఈయన పోస్టులో వేసేలోపు నేనో నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఆదివారం సాయంత్రమయ్యేసరికి ఈయన ముందుగది సోఫా ఎక్కుతారు. మర్నాడు ఆఫీసు కదా. గోడవైపు తిరిగి పడుకుంటారు, అన్నానికి కూడా లేవరు. ఆ మనిషి నీ ఉద్యోగానికి మార్కులేస్తున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. — అక్క)

~

ఊదుడు గది,
'తలకిందులు చేయరాదు' పెట్టె మీద

బావగారికి,

మీకు పుణ్యముంటుంది, మా గది జోలికి రాకండి. ఇంతకుముందు నేను చేసిన ఉద్యోగం గుర్తుందా? చల్లటి గది, మెత్తటి కుర్చీ, మూలన పూలకుండీ. కాగితాల మీద ముద్రలు గుద్దే పని. మీరే వచ్చి చూసి తొంభై రెండు వేశారు, అక్కకి స్వీట్లు కూడా తెచ్చారు. అక్కడ నన్ను ఎవడూ పేరు పెట్టి కాదు కదా, కనీసం 'ఒరేయ్' అని కూడా పిలవలేదు. పక్క బల్లాయన పెళ్ళి చేసుకున్న సంగతి ఆయన కొడుకు పుట్టాక తెలిసింది. మెత్తటి కుర్చీలో నేను చేసిందల్లా నిద్రపోవడం. లేచాక గడియారం చూడటం.

ఇక్కడ నిన్న ఏమైందో తెలుసా? పెద్దమ్మ పుట్టినరోజు. బొమ్మ ఈలలు, రిఫరీ ఈలలు, గార్డు ఈల అన్నీ కలిపి ఓ పాట ఊదాం. ఏ పాటో ఆవిడకి అర్థం కాలేదు, మాకూ అర్థం కాలేదు. సూపర్వైజరు కోప్పడదామని వచ్చి, పాట అయ్యేదాకా గుమ్మంలో నిలబడి, 'పని చూసుకోండి' అని ముక్కు చీదుకుంటూ వెళ్ళిపోయాడు.

ఒక సందేహం. అందరి ఆఫీసులకీ మార్కులేస్తారు సరే, మీ ఆఫీసుకి ఎవరేస్తారు?

మీ బావమరిది

~

తనిఖీ కార్యాలయం,
రెండో బక్కెట్ పక్క

బావమరిదీ,

నీ సందేహానికి జవాబు నా పరిధిలో లేదు.

శుభవార్త విను. నలుగురం కలిసి, అంటే నాలుగు చీటీల ద్వారా కలిసి, నివేదిక పంపాం. మీ యజమాని ఒక్క మాట ఎదురుచెప్పకుండా ఒప్పుకున్నాడు. కుర్చీలు నేను రాశాను: మెత్తటివి, తిరిగేవి, చేతులున్నవి. మోత ఒకరిది ఒకరికి తగలకుండా మనిషికో గది కట్టాలని గాలాయన అన్నాడు. ప్రతి గదికీ దీపం వెలుతురాయన లెక్క. చెవులకు వేసుకునే తొడుగులు చప్పుడాయన స్వయంగా ఎంచాడు. అవి వేసుకుంటే ఒక్క శబ్దం కూడా లోపలికి పోదు. చెవి పక్కన ఫిరంగి పేలినా పోదు.

మీ గదికి ఇప్పుడు తొంభై ఏడు. మా ఆఫీసు పుట్టాక ఇన్ని మార్కులు ఎవరికీ రాలేదు. నీ బావ ఉండగా నీకేం లోటురా!

మీ బావ

(నీకు నచ్చుతుందని నాకేం నమ్మకం లేదు, కానీ ఈయన చాలా రోజులకి ఇంట్లో నవ్వారు. అందుకే అడ్డు చెప్పలేదు. — అక్క)

~

గది నెం. 3,
తిరిగే కుర్చీ

గౌరవనీయులైన తనిఖీదారు గారికి,

తమరి దయవల్ల ఏర్పాటైన వసతులు అందాయి. కృతజ్ఞతలు.

కుర్చీ తిరుగుతుంది. మొదటి రోజు తిరిగాను. రెండో రోజు కూడా తిరిగాను. ఆ తర్వాత తిరగడానికి కారణం కనిపించలేదు. ఎటు తిరిగినా గోడే.

కేబుల్ చక్రం తీసేశారు. పెద్దమ్మ ఒకటో గదిలో ఉందని వినికిడి, అదీ మెట్ల దగ్గర తెలిసిందే. టీ వచ్చిందని చెప్పడానికి బుగ్గలు ఊదుతూనే ఉన్నాడట, ఎవరికీ వినపడక నాలుగు కప్పులూ వాడే తాగుతున్నాడు. ఇప్పుడు వాడికి నిద్ర పట్టడం లేదు. పొదుపాయన ఏమైనా అన్నాడేమో తెలియదు. ఆయన వారం మాట గోడకి పోతోంది.

పొద్దున లేచి చెప్పులేసుకుంటుంటే కాళ్ళు బరువుగా ఉంటున్నాయి. పదకొండు మార్కుల గదికి పరుగెత్తుకెళ్ళేవాణ్ణి.

ఈ నెలాఖరుకి ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. మానేశాక ఎక్కడుంటానంటారా? తమరి ఇల్లు ఉంది కదా. ముందుగది సోఫా నాకు సరిపోతుంది. అక్కడే ఉంటాను. చాలా కాలం ఉంటాను.

ఇట్లు,
తమరి విధేయుడు

~

వంటింటి గట్టు మీద నుంచి

ఒరేయ్ తమ్ముడూ,

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. మీ బావకి చెప్పలేదు. నువ్వు 'తమరు' అన్నందుకు ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. సోఫా సంగతి చదివాక మూడో రోజు కూడా తినలేదు.

కానీ నేను అడిగేది వేరు. పోయిన నెల నువ్వొచ్చినప్పుడు టీకి నీళ్ళు పెట్టి, కెటిల్ ఈల వేశాక దింపు అని చెప్పి డాబా మీదికి వెళ్ళాను. డాబా మీద బట్టలారేస్తున్న నాకు వినపడింది. పక్కింటావిడకి వినపడి గోడ మీంచి తొంగి చూసింది. నువ్వు కెటిల్ పక్కనే నిలబడి పేపరు చదువుకుంటున్నావు. నీళ్ళన్నీ ఇగిరిపోయి కెటిల్ అడుగు నల్లబడింది.

ఈలలు పరీక్షించి బతికేవాడివి నువ్వు. నీ ముందు కెటిల్ ఈల వేస్తే నీకు వినపడలేదు. పేపరులో పడిపోయాను అన్నావు. అప్పటికి ఊరుకున్నాను. అందులో ఏముంది చదవడానికి, అది పాత పేపరు.

నిజం చెప్పు. నీ చెవులకేమైంది?

అక్క

~

గది నెం. 3

అక్కా,

నీ దగ్గర దాచలేను. చెవుల్లో మోత వస్తోంది. పడుకుంటే ఎక్కువ. సన్నటి శబ్దాలు అందడం లేదు. కొత్త గదుల కంటే ముందునుంచే ఉంది, నేనే పైకి అనలేదు. అంటే ఆ గదిలోంచి తీసేస్తారని భయం. బావ రాసిన పదకొండు మార్కులు చదివి నవ్వాను కానీ, ఆ లెక్కన చప్పుడుకి సున్నా అని తట్టినప్పుడు మటుకు నవ్వు రాలేదు. అలాంటి ఆయన్ని 'తమరు' అన్నాను. నాకే సిగ్గుగా ఉంది.

ఇంకో ఉపద్రవం కూడా వచ్చిపడింది. ఇది మీ ఆయనకి నెమ్మదిగా చెప్పు, కుర్చీలో నిటారుగా కూర్చోకుండా చూసి చెప్పు.

చప్పుడాయన తొడుగులు ఎంత మంచివంటే, అవి వేసుకుంటే మేం ఊదే ఈల మాకే వినపడదు. ఈ సంగతి పంపించినవాళ్ళకి తట్టలేదు, వేసుకున్న మాకైనా తట్టాలి కదా? తట్టింది. కానీ తీస్తే నియమం తప్పినట్టని సూపర్వైజరు భయపెట్టాడు. అందుకని ఊదినప్పుడు చెంపలు ఉబ్బితే ఈల మంచిదని, ఉబ్బకపోతే మూగదని ఎవరికి వాళ్ళం లెక్క పెట్టుకున్నాం. బుగ్గలు గాడికి ఊదకముందే ఉబ్బి ఉంటాయి. వాడి గదిలోంచి ఒక్క మూగ ఈల బయటపడలేదు.

పోయిన వారం ఏదో కాలేజీలో ఫుట్‌బాల్ ఆట. సమయం అయిపోయిందని రిఫరీ మన ఈల ఊదాడు. గాలి వచ్చింది. ఇంకోటి తీసి ఊదాడు. అందులోనూ గాలే. చేతులూపుతుంటే ఉత్సాహపరుస్తున్నాడనుకుని ఇంకా గట్టిగా ఆడారట. చీకటి పడి బంతి కనపడకుండా పోయాక ఆగారు. అప్పటికి ఓడిపోయే జట్టు గెలిచేసింది. గెలిచినవాళ్ళు మా ఫ్యాక్టరీకి పూలగుత్తి పంపారు. ఓడినవాళ్ళు పంపిన దాన్ని ఇక్కడ రాయలేను.

యజమాని మండిపడుతున్నాడు. ఈ నలుగురూ ఉండి ప్రయోజనమేంటి, ఊదుడు గదికి తాళమేసి అందరినీ పంపించేస్తానంటున్నాడు. పెద్దమ్మకి ఈ వయసులో ఇంకెవరు పని ఇస్తారక్కా? పోలీసు ఈల ఊదడం తప్ప ఆవిడకి ఇంకేం రాదు, పోలీసులు కూడా ఆవిడని చేర్చుకోరు.

బావని ఒకసారి రమ్మను. కొలిచే టేపు లేకుండా రమ్మను.

తమ్ముడు

~

ఊదుడు గది,
కొత్త కిటికీ కింద

మా బావగారికి,

మీరు బస్సెక్కి వెళ్ళిపోయినప్పట్నుంచి ఇక్కడ మీ కబుర్లే. టేపు తేవద్దంటే తెచ్చారు సరే, దాన్ని బుగ్గలు గాడి బుగ్గల చుట్టూ పెట్టడం ఎందుకండీ? వాడు ఆ కొలత అందరికీ చెప్పుకు తిరుగుతున్నాడు.

ఏమాటకామాట, మీరు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా పెట్టె మీద కూర్చుంటారని నేననుకోలేదు. పది నిమిషాల్లో మార్కులేసి పోతారనుకున్నా. తొడుగులు తీసేసి, గదుల తలుపులు తీసి, కేబుల్ చక్రం గోదాములోంచి దొర్లించుకొచ్చి, 'ఇప్పుడు మామూలుగా చేసుకోండి, నన్ను పట్టించుకోకండి' అన్నారు. పట్టించుకోకుండా ఎలా ఉంటాం? మీ చేతికి పెద్దమ్మ ఇచ్చిన ఈల మూగదని అందరికీ తెలుసు, మీకు తప్ప. కళ్ళు బయటికొచ్చేలా ఊదారు. ముఖం వంకాయ రంగుకి వచ్చింది. 'అది మూగది నాయనా' అని ఆవిడ అనగానే అందరం సంతాపంగా ఆగాం చూశారూ, అప్పుడు మీరు నవ్విన నవ్వు నేనెప్పుడూ వినలేదు. అక్కని అడిగాను, తనూ వినలేదట. ఎక్కిళ్ళు ఎప్పటికి తగ్గాయి?

ఇంకో సంగతి. పొదుపాయన మీతో మాట్లాడాడు! ఇన్నాళ్ళలో ఆయన ఒకే రోజున రెండు వాక్యాలు చెప్పడం ఎవరూ ఎరగరు. "కుర్చీ బాగుంది. దాన్ని తీసుకెళ్ళి మనుషులకి దూరంగా వేశారు." మీరు పెన్ను తీశారు కానీ ఏమీ రాయలేదు. మీ పట్టికలో దానికి గడి లేదనుకుంటా.

యజమాని తాళం మాట మానేశాడు, మీరు ఆయనకి చెప్పినవన్నీ జరిగాయి. గోడలు కొట్టేశారు. చక్రం మళ్ళీ మధ్యలోకి వచ్చింది, దాని చుట్టూ మీ తిరిగే కుర్చీలు. ఇప్పుడు తిరిగితే ఎవరో ఒకరి ముఖం కనపడుతోంది. కిటికీ పెట్టారు. చెవుల్లోకి మెత్తటి బిళ్ళలు ఇచ్చారు, వాటిలోంచి ఈల వినపడుతుంది కానీ గుచ్చుకోదు. సగం రోజు ఊదుడు, సగం రోజు కింద కడిగే తొట్టెల దగ్గర. మొదట్లో సణిగాం. ఇప్పుడు తొట్టెల దగ్గర నోటితో కూడా మాట్లాడుకోవచ్చని తెలిసింది. పెద్దమ్మకి ఇన్ని బూతులొచ్చని ఈలల్లో తెలియలేదు.

చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పోయింది తిరిగి రాదట. ఉన్నది కాపాడుకోవచ్చట. మోత కాస్త తగ్గింది. బావగారూ, మీరు పట్టిక పట్టుకుని మీద పడకపోయి ఉంటే నేను నవ్వుకుంటూ నవ్వుకుంటూ చెవిటివాణ్ణి అయ్యేవాణ్ణి. ఆ మాట మీ మొహం మీద చెప్పలేక ఇలా రాస్తున్నాను.

దీనితో పాటు ఒక పొట్లం పంపాను. నాలుగు ఈలలున్నాయి. మీ ఆఫీసులో నలుగురు కదా.

మీ బావమరిది

~

తనిఖీ కార్యాలయం,
నా బల్ల (బక్కెట్ లేదు, చదువు)

బావమరిదీ,

ఎక్కిళ్ళు మర్నాడు తగ్గాయి.

నువ్వడిగిన పాత సందేహం నన్ను తినేసింది. మా ఆఫీసుకి మార్కులెవరేస్తారు? చివరికి తెగించి పై అధికారులకి ఫిర్యాదు రాశాను: పైకప్పు కారుతోంది, కుర్చీకి కాలు లేదు, మనిషికీ మనిషికీ మాట లేదు. నాలుగు వారాలకి జవాబు వచ్చింది. 'తమరి ఫిర్యాదును తీవ్రంగా పరిగణించి, విచారణ నిమిత్తం కుర్చీల తనిఖీదారుకు అప్పగించడమైనది.' అంటే నాకు.

సరే, విచారించాను. నన్ను నేను చాలా కఠినంగా ప్రశ్నించాను. ఆఫీసుకి నూటికి తొమ్మిది వేశాను. మీ పాత గది కంటే రెండు తక్కువ. తొమ్మిది చూసి పైవాళ్ళకి దడ పుట్టినట్టుంది, పైకప్పు బాగుచేయించారు. కుర్చీ ఇంకా రాలేదు.

ఇక నీ పొట్లం. సొరుగులో పెట్టి మర్చిపోదామనుకున్నాను. మర్చిపోలేదు. మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక, నలుగురం నాలుగు గోడలవైపు చూస్తూ కూర్చున్నాం. ఏమనిపించిందో ఏమో, లేచి తలా ఒకటి బల్ల మీద పెట్టి, వచ్చి కూర్చుని నాది ఊదాను. చిన్నగానే. ఎవరూ తల తిప్పలేదు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాగితాలు సర్దుకుంటున్నట్టు నటించాను.

అప్పుడు వెనక నుంచి జవాబు వచ్చింది. ఒక పొడుగు, రెండు పొట్టి. తిరిగి చూస్తే చప్పుడాయన! జీవితమంతా ఈ లోకంలో చప్పుడు తగ్గించడానికే పుట్టిన మనిషి, చెవులు చిల్లులు పడేలా ఊదుతున్నాడు. దాని అర్థం టీ వచ్చిందని ఆయనకి తెలియదు. అయినా నలుగురం లేచి టీకి వెళ్ళాం.

మాటలెందుకు మానేశామో టీ దగ్గర అడిగాను. 'మీరే నాతో మానేశారనుకున్నాను' అని ముగ్గురూ ఒకేసారి అన్నారు.

కుర్చీ కాలి సంగతి గాలాయన చూస్తున్నాడు. ఇప్పటికి కింద ఒక చెక్క పెట్టాడు. నిటారుగా కూర్చుని రాస్తున్నాను, అందుకే దస్తూరీ కొత్తగా ఉంటుంది.

మీ బావ

(తమ్ముడూ, ఇవాళ ఆదివారం, సాయంత్రమైంది. ముందుగదిలో అలికిడి లేకపోయేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉంటారని వెళ్ళాను. సోఫా ఖాళీగా ఉంది. వెనక గదిలో రేపటి చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ నోటితో ఈల వేస్తున్నారు. పాట ఏదో అర్థం కాలేదు, శ్రుతి అసలు లేదు. నన్ను చూడలేదు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. — అక్క)